‘ఫ్రై’ అంటే వేయించడమేనా?

ప్రశ్న (కందిపొడి): వంటల విధానాలు రాసేవారు ‘ఫ్రై చేయండి’ అని రాస్తుంటే నాకు బాధ కలుగుతుంది. ‘వేయించండి’ అన్న చక్కని మాట ఉండగా ఇంగ్లీషు మాట ఎందుకు? రెండింటికీ నిజంగా తేడా ఉందా?

మూకుడు: తేడా ఉందండీ, అది చిన్నది కూడా కాదు. ఇంగ్లీషువారికి ఫ్రై అంటే నూనెలోనో కొవ్వులోనో చేసేది. నూనె లేకుండా చేస్తే దాన్ని రోస్ట్ అంటారు. మన ‘వేయించడం’లో నూనె ప్రసక్తి లేదు, నీళ్ళు తగలనివ్వకుండా వేడి మీద పచ్చిదనం పోగొట్టడమే దాని అర్థం. మీ పేరులోని కందిపొడికి పప్పును వట్టి మూకుడులో వేయిస్తాం, అప్పడాలను కాగిన నూనెలో వేయిస్తాం, రెండింటికీ క్రియ ఒక్కటే. పుట్నాల పొట్లాల మీద ‘ఫ్రైడ్ గ్రామ్’ అని కనిపించడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. ఆ పప్పును వేడి ఇసుకలో వేయిస్తారే గాని దానికి నూనె చుక్క తగలదు.

ఓరుగల్లు వంట: మా ఇంట్లో నూనెలో చేసేదాన్ని ‘గోలించడం’ అంటాం. మటన్ గోలించారంటే నూనె పోశారని వేరే చెప్పనక్కర లేదు. ఫ్రైకి సాటి వచ్చే మాట తెలంగాణలో ఉండగా, వ్రాతలో దాన్ని ఎందుకు పక్కన పెట్టారో నాకు అర్థం కాదు.

భీమవరం: క్రియను వదిలి నామవాచకాన్ని చూడండి. హోటల్లో చికెన్ ఫ్రై అడిగితే మనం కోరేది పులుసు లేని కూరను. ముక్కను దాని నీటిలోనే ఉడకనిచ్చి, ఆ నీరు ఇగిరాక ఎర్రగా వేపుతారు. ఇంగ్లీషు లెక్కన అందులో సగం పని ఫ్రై కానే కాదు. తెలుగువాడి నోట ‘ఫ్రై’ ఎప్పుడో తెలుగు మాట అయిపోయింది, దాన్ని తరమాల్సిన పని లేదు.

కందిపొడి: మూకుడు గారూ, మెంతులు ‘ఫ్రై చేయండి’ అన్న సూచన చదివి మా అబ్బాయి నూనె పోయడం, పొడి కాస్తా ముద్దవడం మా ఇంట్లో జరిగినదే. కాబట్టి ఇకపై ‘నూనెలో వేయించండి’, ‘నూనె లేకుండా వేయించండి’ అని విడమరచి రాస్తాను, గోలించడాన్నీ వాడతాను. అయితే భీమవరం గారూ, మీరు వర్ణించిన ఆ కూరకు ‘వేపుడు’ అన్న పేరు ఉండనే ఉంది, దాన్ని వదులుకోవడానికి నేను ఒప్పుకోను.