ఆపరేషన్‌కి ముందు రొమ్ము ఎంఆర్ఐ తీయించాలా?

బొబ్బిలి వీణ:
మా అప్పకి 47 ఏళ్లు. ఎడమ రొమ్ములో రెండు సెంటీమీటర్ల గడ్డ, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. విజయనగరంలో సర్జన్ గారు గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇద్దామన్నారు. విశాఖలో చూపిస్తే ముందు ఎంఆర్ఐ తీయించమన్నారు. ఏం చెయ్యాలి?

నాగావళి ఒడ్డు:
తీయించండి. 2016లో మా అమ్మకి మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చూసి ఒక్కటే గడ్డ అన్నారు, తీశారు. రిపోర్టు వచ్చేసరికి కోసిన అంచుల్లో ఇంకా ఉందట. కుట్లు పూర్తిగా మానకముందే మళ్లీ థియేటర్‌కి. ఆ రోజు ఆమె గాజులు నేనే తీశాను, మోచేతి దాకా వాచిపోయి ఒక్కటీ రాలేదు, సబ్బు రాసి లాగాను. ఎంఆర్ఐ ఉంటే ముందే తెలిసేది.

పలాస బావు:
తెలిసేదని ఎలా అంటారు? బ్రిటన్‌లో కొమైస్ అని 1623 మందితో ట్రయల్ చేశారు, 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎంఆర్ఐ తీసినవాళ్లలోనూ, తీయనివాళ్లలోనూ మళ్లీ ఆపరేషన్ పడింది దాదాపు 19 శాతానికే.

నాగావళి ఒడ్డు:
స్వీడన్ ట్రయల్ ఎందుకు దాచారు? 56 ఏళ్లలోపు వాళ్లు 440 మంది. మళ్లీ ఆపరేషన్ 15 శాతం నుంచి 5కి తగ్గింది. వీణ గారి అప్ప వయసు 47.

ఉద్దానం కుర్రోడు:
ముందు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష) చూపించుకున్నారా? రొమ్ము ఎంఆర్ఐకి గాడోలినియం ఇంజెక్షన్ ఇస్తారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి అది ప్రమాదం. మా కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ, అందుకే అడుగుతున్నాను.

బొబ్బిలి వీణ:
0.8 అండీ.

ఉద్దానం కుర్రోడు:
ఎప్పటిది?

పలాస బావు:
కిడ్నీల గోల తర్వాత. ఎంఆర్ఐలో కనబడే ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు. గడ్డ తీశాక మిగిలిన చిన్నాచితకాని చంపడానికే కదా రేడియేషన్! 2021లో మా ఆవిడకి తీయిస్తే రెండో మచ్చ కనబడింది. అల్ట్రాసౌండ్‌లో దొరకలేదు. ఎంఆర్ఐలో చూస్తూ సూది పెట్టాలి, మా దగ్గర లేదన్నారు. మూడు వారాలు తిరిగాం. విసుగొచ్చి రొమ్ము మొత్తం తీయించేశాం. పాథాలజీలో ఆ మచ్చ ఫైబ్రోఅడినోమా! క్యాన్సరే కాదు.

థియేటర్ సిస్టర్:
బయాప్సీ లేకుండా ఆ మచ్చని నమ్మి రొమ్ము తీయకూడదండీ, తప్పు మిషన్‌ది కాదు. అందరికీ ఎంఆర్ఐ రాయరు. పాలగ్రంథుల్లో మొదలయ్యే లోబ్యులర్ రకమైతే, రొమ్ము కణజాలం దట్టంగా ఉంటే, మామోగ్రామ్‌లో సైజుకీ అల్ట్రాసౌండ్‌లో సైజుకీ పొంతన లేకపోతే అడుగుతారు. బోర్లా పడుకుని అరగంట కదలకూడదు. వీణ గారూ, మీది ఏ రకం?

బొబ్బిలి వీణ:
డక్టల్ అని ఉంది, పాలనాళాల్లో మొదలయ్యే రకమట. సైజు రెండింటిలోనూ ఒకటే.

నాగావళి ఒడ్డు:
పలాస గారూ, "తీయించేశాం" అన్నారు. ఎవరు తీయించారు? ఆవిడ ఏమన్నారు?

పలాస బావు:
ఆ టైంలో తనని ఏమడుగుతామండీ, అప్పటికే భయంతో చచ్చిపోతోంది. నేనూ మా బావమరిదీ మాట్లాడుకున్నాం. సంతకం తనే పెట్టింది.

నాగావళి ఒడ్డు:
మీరు వేలు పెట్టి చూపించిన చోట. ఇందాకటి నుంచి ట్రయల్ అంటున్నారు, అసలు సంగతి ఇదీ.

పలాస బావు:
మాటలు జాగ్రత్త. మీ అమ్మగారిని మీరు అడిగారా?

(మర్నాడు)

నాగావళి ఒడ్డు:
అడగక్కర్లేకపోయింది, తనే చెప్పింది. "మొత్తం తీసెయ్యండమ్మా, మళ్లీ మళ్లీ కోయించుకోలేను" అని మొదటి ఆపరేషన్‌కి ముందే. నేనూ నాన్నా వద్దన్నాం.

పలాస బావు:
సరే.

బొబ్బిలి వీణ:
మీ ఇద్దరివీ చదివి అప్పకి ఫోన్ చేశాను. ఎంఆర్ఐ అన్నారన్న సంగతే తనకి తెలీదు, బావ నాకే చెప్పాడు. "తీస్తే తీయనీ, కానీ ఇంకో మచ్చ అంటే సూది పెట్టి చూడకుండా నా ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వను" అంది. రేడియేషన్‌కి విశాఖలో ఎన్నాళ్లుండాలని అడిగింది. చిన్నోడికి ఇంటర్ పరీక్షలు.

థియేటర్ సిస్టర్:
మామూలుగా మూడు నుంచి ఐదు వారాలు, వారానికి ఐదు రోజులు. శని, ఆదివారాలు ఇంటికి వెళ్లి రావచ్చు.

ఉద్దానం కుర్రోడు:
క్రియాటినిన్ ఎప్పటిదో ఇంకా చెప్పలేదు.