అడవి పోయాక కూడా అది హాకెన్‌హైమేనా?

బెంజ్‌సర్కిల్ బుల్లెట్: పటమటలో టీ కొట్టు దగ్గర తెగని గొడవ ఇది. జర్మనీలోని ఫార్ములా వన్ (ఎఫ్1) కార్ రేసుల ట్రాక్ హాకెన్‌హైమ్‌ను 2002లో ట్రాక్‌ల డిజైనర్ హెర్మన్ టిల్కే 6.8 కిలోమీటర్ల నుంచి 4.574కి కోసేశాడు. అడవిలో స్ట్రెయిట్లు తవ్వేసి మొక్కలు నాటారు. నా లెక్కలో ఆ ట్రాక్ పోయింది, పేరు మిగిలింది.

గుంటూరు గేర్‌బాక్స్: ఎక్కడికీ పోలేదండి. స్టార్ట్ లైన్, స్టాండ్ల మధ్య స్టేడియంలా ఉండే మోటోడ్రోమ్ భాగం, అందులోని సాక్స్ మలుపు ఉన్నచోటే ఉన్నాయి.

బుల్లెట్: సాక్స్ మలుపు కోసం ఎవరు చూశారు బాబూ? అసలు పరీక్ష అడవిలోనే. కారును నేలకు అదిమే వింగ్ తగ్గించి ఫుల్ థ్రాటిల్‌లో పోతుంటే ఇంజిన్ ఎప్పుడు పోతుందోనని టెన్షన్. 2001 రేసులో డ్రైవర్ మొంటోయా మొదట లీడ్‌లో ఉన్నా, పిట్ స్టాప్ తర్వాత ఇంజిన్ పోయింది, రాల్ఫ్ షూమాకర్ గెలిచాడు.

కృష్ణలంక కుర్రోడు: ప్రకాశం బ్యారేజీని ఇంకా ఆనకట్ట అనే పెద్దాయన మా వీధిలో ఉన్నారు. ఆయన్నీ పిలవమంటారా?

గేర్‌బాక్స్: సాక్స్ మలుపు ఉందా లేదా? ముందు అది చెప్పండి.

బుల్లెట్: ఉంది. అయితే?

గేర్‌బాక్స్: అయితే ట్రాక్ ఉన్నట్టే. ఇంకోటి, మీరు ‘అసలుది’ అంటున్నదీ అసలుది కాదు. 1960లలో ఆటోబాన్ (జర్మనీ హైవే) కోసం పాత దారి తెగిపోతేనే మోటోడ్రోమ్ కట్టారు. మీ చిన్నప్పుడు టీవీలో కనిపించింది కాబట్టి అది అసలుదైపోయిందా?

బుల్లెట్: నువ్వు 2004 నుంచి చూస్తున్నావు. నీకు అడవి సంగతేం తెలుసు?

అరండల్‌పేట: మళ్లీ వయసు మీదకి వెళ్లారు. నేను భోంచేసి వస్తా.

గేర్‌బాక్స్: తెలుసు గురువుగారూ, బాగానే తెలుసు. ఇక్కడో కార్టింగ్ ట్రాక్‌లో బోర్డు మీద నా టైమ్ మొదటి వరసలో ఉండేది. ఒక్క మలుపు మార్చి, ‘కొత్త ట్రాక్’ అని నా పేరు తుడిచేశారు. మీ మాట ఒప్పుకుంటే వాళ్లు చేసింది కరెక్టే.

బుల్లెట్: కరెక్టే మరి! హాకెన్‌హైమ్‌లో మొంటోయా 2001 ల్యాప్ 1:41.808. ఇంకో డ్రైవర్ రైకోనెన్ 2004లో 1:13.780. రెండూ ఒకే వరసలో రాస్తావా?

గేర్‌బాక్స్: ఒకే వరసలో ఎవడు రాయమన్నాడు? పక్కన ఇంకో వరస గీయొచ్చుగా! తుడవడం ఎందుకు?

బుల్లెట్: నేనూ అదే అంటున్నా. జర్మనీలోనే ఇంకో ట్రాక్ నూర్‌బర్గ్‌రింగ్‌లో 1984లో కొత్తది కట్టినా పాత పొడవాటి దారి నార్డ్‌ష్లైఫ్‌ను ఉంచారు. హాకెన్‌హైమ్ అడవిలో తారు కూడా మిగల్చలేదు.

గేర్‌బాక్స్: అదే అంటే మొదటి పోస్టులో ‘పోయింది’ అని ఎందుకు రాశారు?

బుల్లెట్: పోయింది కాబట్టి.

కృష్ణలంక కుర్రోడు: పెద్దాయన వచ్చారు. ఎఫ్1 అంటే ఏంటని అడుగుతున్నారు.