మా ఊరి మురుగు కుంటలో పూడిక తీయాలా, గుర్రపుడెక్క తీస్తే చాలా?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర చిన్న పల్లె. ఇళ్ల వాడకం నీళ్లు కాలువ వెంట వరుసగా రెండు కుంటల్లోకి చేరతాయి. మోటారు, కరెంటు అవసరం లేదు. ఎండకు పెరిగే నాచు ప్రాణవాయువు ఇస్తుంది, దానితో సూక్ష్మజీవులు మురికిని హరిస్తాయి. ఏళ్ల తరబడి చక్కగా పనిచేసిన ఏర్పాటు ఇది, పాడైపోతుంటే చూడలేకపోతున్నాను.

ఈ వేసవిలో మొదటి కుంట పచ్చదనం పోయి డికాక్షన్ రంగుకు తిరిగింది. సగానికి పైగా గుర్రపుడెక్క కమ్మేసింది. తెల్లవారుజామున కుళ్లిన గుడ్ల వాసన. నిన్న వెదురుగడకు తెల్ల తువ్వాలు చుట్టి అడుగుదాకా దించాను. కుంట లోతు నాలుగున్నర అడుగులు. పైకి తీస్తే తువ్వాలుకు కింద నుంచి రెండడుగుల మేర నల్లటి బురద పట్టి ఉంది. మూడో వంతు నిండితే పూడిక తీయాలంటారు కదా, అది దాటిపోయింది.

గుర్రపుడెక్క తీసి ఎండ పడనిస్తే కుంట కోలుకుంటుందా? పూడిక తప్పదంటే, ఆ కొద్దిరోజులూ మురుగంతా రెండో కుంటకు మళ్లించవచ్చా? మనుషులను బురదలోకి దింపడానికి నాకు మనసొప్పదు. పంపుతో తోడించినవారు ఉంటే ఎలా చేశారో చెప్పండి. తీసిన బురదను ఎన్నాళ్లు ఎండబెట్టాక పొలంలో వేయవచ్చు?

ఇంకో దిగులు. రెండో కుంట నీటితో మా చిన్నాన్న కొత్తిమీర పెంచుతున్నారు. పచ్చిగా తినేది కాబట్టి మానేసి అరటి వేయమన్నాను, వినడం లేదు. ఆ నీటిని పరీక్షకు ఎలా పట్టి పంపాలి? వానలు మొదలయ్యేలోగా పని ముగించాలి, తెలిసినవారు దయచేసి చెప్పండి.