పోపుల డబ్బాలో డబ్బు పోతే పనావిడను అడిగాం. ఇప్పుడు ఆమెకు మొహం ఎలా చూపించాలి?

మూలాపేట కోడలు:
మాది నెల్లూరు, మూలాపేట. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం అత్తమ్మ ముందు గదిలో కునుకు తీస్తుంటే ఎవరో పెరటి తలుపు గుండా వంటింట్లోకి వచ్చారు. రాగి బిందె, రెండు ఇత్తడి చెంబులు, పోపుల డబ్బాలో ఉన్న 1,800 రూపాయలు పోయాయి. ఆ బిందె వెంకటగిరి నుంచి అత్తమ్మ సారెలో వచ్చింది. పాత సామాను కొట్లో తూకానికి వేస్తే దానికి ఏపాటి డబ్బు వస్తుంది? ఆమె మాత్రం నలభై ఏళ్లకు పైగా చింతపండు పెట్టి తోముకుంది. అడుగున ఒక సొట్ట ఉండేది. మా ఆయన చిన్నప్పుడు బావి గట్టు మీద నుంచి దొర్లించాడట.

ఇంతవరకే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. పోపుల డబ్బాలో డబ్బు ఉంటుందని బయటివాళ్లకు ఎలా తెలుస్తుందని అత్తమ్మకు అనుమానం పట్టుకుంది. మర్నాడు పనావిడ రాగానే "నువ్వేమైనా తీశావా, నిజం చెప్పు" అని అడిగేసింది. నేను పక్కనే ఉన్నాను, ఆపలేదు. తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో చేస్తోంది. మా పాపకు పసితనంలో నలుగు పెట్టి నీళ్లు పోసిన మనిషి. చీపురు గోడకు ఆనించి, "నన్నా పెద్దమ్మా, అడిగేది?" అంది. అంట్లన్నీ తోమి, బోర్లించి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

కుళాయి దగ్గర ఆ మాట పాకింది. మా వీధిలో ఇంకో రెండిళ్ల వాళ్లు ఆమెను మాన్పించారు. స్టేషన్‌కు వెళ్తే "ఐదు వేల లోపు సొత్తు, కేసు కాదు" అని పంపేశారు. ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. అత్తమ్మ రాత్రి మూడుసార్లు లేచి గడియ తడిమి చూస్తుంది. సాయంత్రం రంగనాయకుల గుడికి వెళ్లడం మానేసింది. మా పాపకు ఏడేళ్లు, "గడియ వేశావా అమ్మా" అని అడగందే పడుకోదు. పనావిడ తీసిందని నేను నమ్మడం లేదు. ఆ రోజు కూడా నమ్మలేదు. నోరు ఎందుకు మెదపలేదో నాకే అర్థం కావడం లేదు. ఆమె దగ్గరికి వెళ్లి ఏం చెప్పాలి?

కోవూరు నుంచి:
పెరటి తలుపుకు ఇనుప గ్రిల్ పెట్టించండి అక్కా. మేమూ అదే చేశాం. పెద్దామెకు కాస్త నిద్ర పడుతుంది.

కావలి రిటైర్డ్ హెడ్డు (పోలీసు హెడ్ కానిస్టేబుల్):
అమ్మా, ముందు పోపుల డబ్బా సంగతి. నా సర్వీసులో చూసిన దొంగతనాల్లో వంటింటి డబ్బాలు వెతకనివి చాలా తక్కువ. పోపుల డబ్బా, బియ్యం డ్రమ్ము, దేవుడి పటాల వెనక, దిండు కింద. కొత్తగా దూరినవాడి చెయ్యి కూడా ముందు అక్కడికే పోతుంది. కాబట్టి తెలిసినవాళ్లే తీశారని అనుకోవడానికి అది ఆధారం కాదు. ఈ మాట మీ అత్తగారికి నా మాటగా చెప్పండి.

ఇక కేసు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అనే కొత్త శిక్షా చట్టం నడుస్తోంది. ఐదు వేల లోపు అనే లెక్క అందులో 303 సెక్షన్ కింద వచ్చే మామూలు దొంగతనానిది. మనుషులు కాపురం ఉండే ఇంట్లో జరిగితే 305 సెక్షన్, ఏడేళ్ల దాకా శిక్ష. అక్కడ విలువతో పని లేదు. వంటింట్లోంచి పోయాయని స్పష్టంగా రాసి మళ్లీ ఫిర్యాదు ఇవ్వండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపండి. బిందె సొట్ట సంగతి తప్పకుండా రాయండి, గుర్తు పట్టడానికి అదే పనికొస్తుంది. పనావిడ మీద అనుమానమని మాత్రం రాయకండి. ఆధారం లేకుండా పేరు ఎక్కిస్తే ఆమెను స్టేషన్‌కు పిలుస్తారు. ఇప్పుడు జరిగిందే చాలు.

ఒంగోలు లాయర్‌పేట:
మా అమ్మ ఇళ్లలో పని చేసి నన్ను చదివించింది. నేను ఆరో తరగతిలో ఉండగా ఒక ఇంట్లో వెండి కుంకుమ భరిణె కనపడలేదు. అమ్మను అడిగారు. పదిహేను రోజులకు అటక మీద పాత బట్టల మూటలో దొరికింది. వాళ్లు సాయంత్రం పూట మా ఇంటికొచ్చి, ఎవరూ వినకుండా "ఏమీ అనుకోవద్దు" అన్నారు, వంద రూపాయలు ఇచ్చారు. అమ్మ తీసుకోలేదు. దొంగ అన్న మాట వీధంతా విన్నది. కాదన్న మాట మా గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా అమ్మ కొంగు దులిపి చూపించి బయటికొచ్చేది. ఎవరూ అడగకపోయినా సరే. మీరు వెళ్లండి అక్కా. డబ్బు, చీర పట్టుకెళ్లకండి. మాట ఎక్కడ పాకిందో అక్కడే చెప్పండి, మీ అత్తగారి నోటితోనే చెప్పించండి.

మూలాపేట కోడలు:
అందరికీ దండాలు. హెడ్డు గారి మాట చదివి వినిపిస్తే అత్తమ్మ చాలాసేపు పలకలేదు. తర్వాత "ఆ పటాల వెనక నేనూ పెడతాను" అంది. నిన్న పొద్దున నీళ్లు వచ్చే వేళకు నాతో కుళాయి దగ్గరికి వచ్చింది. మాన్పించిన రెండిళ్ల వాళ్లూ ఉన్నారు. "దానికేమీ తెలియదు, నేనే నోరు జారాను" అని అందరూ వినేలా చెప్పింది. గొంతు వణికింది. ఒకామె తలూపింది, ఇంకొకామె బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

అక్కడి నుంచి ఇద్దరం పనావిడ ఇంటికి వెళ్లాం. కూర్చోమంది, టీ పెట్టింది. అత్తమ్మ చెయ్యి పట్టుకుంటే విడిపించుకోలేదు. పనికి రమ్మని మేము అడగలేదు, వస్తానని ఆమె అనలేదు. బయల్దేరుతుంటే నన్ను పిలిచి, "పాపకు జలుబు తగ్గిందా అక్కా?" అంది.