మా ఏరియా మాల్ ఖాళీ అయిపోతోంది, బాబాయ్ షాపు ఉంచాలా అమ్మేయాలా?

ఒంగోలు_టు_మారతహళ్లి:
అందరికీ నమస్తే. మాది మారతహళ్లి వైపు. ఇంటి దగ్గరి మాల్ పేరు చెప్పను గానీ, 2012లో నేను బెంగళూరొచ్చిన కొత్తలో శనివారం సాయంత్రం అక్కడ బండి పెట్టడానికే అరగంట పట్టేది, కింద సూపర్‌మార్కెట్, పైన సినిమా, మధ్యలో పిల్లల ఆటలు, ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే, మా అమ్మ మొదటిసారి ఎస్కలేటర్ ఎక్కింది కూడా అక్కడే. అది చూసే మా బాబాయ్ రిటైరైన డబ్బులతో రెండో ఫ్లోర్‌లో 180 అడుగుల షాపు కొన్నాడు. ఇప్పుడు ఆ ఫ్లోర్‌లో సగానికి పైగా షట్టర్లు దించే ఉన్నాయి. అద్దెకున్నతను ఖాళీ చేసి ఏడాదైంది, మెయింటెనెన్స్ మాత్రం నెలనెలా కట్టాల్సిందే. బాబాయ్ పైకేం అనడు, ఫోన్‌లో గొంతు వింటే తెలుస్తోంది. వేరే మాల్స్‌లో జనం బానే ఉన్నారు కదా, ఇక్కడే ఎందుకిలా?

లీజింగ్_పని:
షాపు "కొన్నాడు" అన్నారు చూడండి, అక్కడే ఉంది అసలు విషయం. 2011లో మహదేవపురలో ఫీనిక్స్ మార్కెట్‌సిటీ వచ్చింది, అలాంటి మాల్స్‌లో షాపులు అద్దెకే ఇస్తారు, అమ్మరు. కోరమంగళ ఫోరమ్ మాల్ కూడా అలాంటిదే, 2004లో తెరిచారు, తర్వాత చేతులు మారి నెక్సస్ అయింది, ఇప్పటికీ నడుస్తోంది. ఓనర్ ఒకరే అయితే ఏ ఫ్లోర్‌లో ఏ షాపు ఉండాలో వాళ్లే చూసుకుంటారు, అద్దెలో అమ్మకాల మీద శాతం కూడా ఉంటుంది కాబట్టి షాపు నడవకపోతే వాళ్లకీ నష్టమే. ముక్కలుగా అమ్మేసిన చోట బిల్డర్ డబ్బులు మొదటే వచ్చేశాయి. ఓనర్లేమో ఒకాయన అమెరికాలో, ఒకాయన నెల్లూరులో, ఇంకొకాయన ఫోనే ఎత్తడు. పెద్ద బ్రాండ్ ఎవరైనా వచ్చి ఒకేచోట పదివేల అడుగులు కావాలంటే యాభై సంతకాలు ఎవరు పెట్టిస్తారు?

మున్నేకొళాల_మొబైల్స్:
అన్నా నేను అలాంటి మాల్‌లోనే ఆరేళ్లు షాపు నడిపా. సూపర్‌మార్కెట్ మూసేసిన నెలలోనే తెలిసిపోయింది. ఫోన్ కవర్ కోసమని ఎవరూ మాల్‌కి రారు, పప్పూ ఉప్పూ కొనుక్కుని వెళ్తూ మన ముందు ఆగుతారు అంతే. అది పోయాక సినిమావాళ్లు పార్కింగ్ నుంచి లిఫ్ట్‌లో నేరుగా పైకే, మేం కళ్లకి కూడా కనపడం. తర్వాత మెయింటెనెన్స్ ఎగ్గొట్టేవాళ్లు ఎక్కువయ్యారు, ఏసీ తగ్గించారు, ఒక ఎస్కలేటర్ ఆపేశారు, అది చూసి వచ్చే నలుగురూ మానేశారు. ఆ పైన కరోనా. ఇప్పుడు రోడ్డు మీద చిన్న షాపు, ఫ్యాన్ ఒక్కటే, గిరాకీ మాత్రం అక్కడికంటే నయం.

గూడూరు_అక్క:
చెన్నైలో స్పెన్సర్ ప్లాజా కథా ఇదే తమ్ముడూ. మా చిన్నప్పుడు మద్రాసు వెళ్తే అది చూడకుండా తిరిగొచ్చేవాళ్లం కాదు. 2010లో ఎక్స్‌ప్రెస్ ఎవెన్యూ, 2013లో వేళచ్చేరి ఫీనిక్స్ వచ్చేసరికి జనం అటు వెళ్లిపోయారు, స్పెన్సర్‌లోనూ షాపులు విడివిడి ఓనర్లవి. అయినా బిల్డింగ్ పాడుబడలేదు, లోపల ఆఫీసులున్నాయి.

లీజింగ్_పని:
అక్క చెప్పింది బాబాయ్‌కీ పనికొస్తుంది. ఆ ఫ్లోర్ ఓనర్లు కలిసి ఆఫీసుకో కోచింగ్ సెంటర్‌కో మొత్తం ఒకేసారి లీజుకివ్వొచ్చేమో అడగండి. ఒక్కడే వెళ్లి అమ్మితే మాత్రం అడిగిన రేటు రాదు. ముందు సేల్ డీడ్‌లో భూమి వాటా ఎంత రాశారో, అసోసియేషన్‌కి బాకీ ఎంతుందో చూడండి.

ఒంగోలు_టు_మారతహళ్లి:
థాంక్స్ అండీ అందరికీ. డీడ్ ఒంగోలులో ఉంది, ఫొటో పంపమన్నా. పక్క షాపు ఓనర్ నెంబర్ వాచ్‌మన్ దగ్గర దొరికింది, సాయంత్రం చేస్తా.