సమస్య: "నీట మునిగి చేప నీల్గిపోయె"

నిర్వాహకుడు: ఈ వారం పాదం ఇదే. కోయి చేపల (జపాన్‌లో పెంచే రంగురంగుల అలంకార చేపల) పెంపకం మీదే పూరించాలి. మత్స్యావతారం జోలికి వెళ్లకండి, పోయినసారి అందరూ అక్కడే ఆగిపోయారు.

మంజీర:
పంపు నీటిఁ దెచ్చి బంగారు చేపల
కొలను నింపె నొకఁడు గుట్టెఱుఁగక;
క్లోరి నంటి మొప్ప లోలోనఁ గాలంగ
నీట మునిగి చేప నీల్గిపోయె.

పినాకిని: మూడో పాదం పండింది మంజీర గారూ. క్లోరిన్ ముందు పట్టేది మొప్పలనే. థయోసల్ఫేట్ కలిపి దాన్ని విరిచాకే కొళాయి నీళ్లు కొలనులోకి వదలాలి. కానీ 'బంగారు చేపల' ఏమిటండీ? కోయికి మూతి దగ్గర రెండు జతల మీసాలుంటాయి, బంగారు చేపకు, అదే గోల్డ్‌ఫిష్‌కు, ఒక్కటీ ఉండదు. యతి కోసం జాతినే మార్చేశారు.

మంజీర: ఇక్కడ 'బంగారు' విశేషణం. తామర సమస్యలో మీరు కలువను పట్టపగలు పూయించినప్పుడు నేను నోరెత్తలేదు.

నాగావళి: 'క్లో'కి 'లో'తో యతా?

నిర్వాహకుడు: సంయుక్తాక్షర యతి. జంట అక్షరంలో ఏ హల్లుతోనైనా యతి చెల్లుతుంది. కలువ గొడవ ఇక్కడ వద్దు.

నాగావళి:
గాలి బుడగ లాగెఁ గడు వేడి రేయిలో;
ప్రాణవాయు వుడిగెఁ బాచి వలన;
తెల్లవారు వేళఁ దేలంగ లేకయే
నీట మునిగి చేప నీల్గిపోయె.

మంజీర: 'తేలంగ లేకయే'! సమస్యలో చిక్కంతా 'మునిగి' దగ్గరే ఉంది, నేను దాన్ని దాటేశాను, నాగావళి గారు పట్టుకున్నారు. ఊపిరాడని కోయి పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తుంది. ఆ ఓపిక కూడా లేకుండా చేశారు. వేళ కూడా సరిగ్గా కుదిరింది. పాచి పగలంతా ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది, తెల్లవారేసరికి నీళ్లలో ఆ వాయువు అడుగంటుతుంది. 'వేడి రేయి' ఊరికే పడిన మాట కాదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగే ప్రాణవాయువు 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగిపోతుంది. ఎండాకాలం రాత్రి గాలి పంపు ఆపకూడదనేది అందుకే.

పినాకిని: నాగావళి గారి పద్యానికి ఇంత వ్యాఖ్యానం! నా కలువకు ఒక్క వాక్యమైనా దక్కలేదు. సరే, కోయి పుట్టింటికే వెళ్తున్నాను. జపాన్‌లో నీగాతా కొండల్లో, 2004 అక్టోబరు 23 భూకంపం.

యామకోషి కొండ యల్లాడె భూకంప
మునను జెఱువు గట్లు ముక్కలయ్యె;
బురద నీరు కమ్మి పూడంగ మొప్పలు
నీట మునిగి చేప నీల్గిపోయె.

నాగావళి: వస్తువు గొప్పది. వరిమడుల పక్కన తిండికి పెంచుకున్న చేపల్లో రంగువి కనబడితే ఏరి కాపాడుకున్న రైతుల ఊళ్లవి. భూకంపంలో దారులు తెగిపోతే మనుషులను, తర్వాత కోయి చేపలను హెలికాప్టర్లలో దించారు. కానీ ఆ ఊరు యమకోషి, 'య' హ్రస్వం. దీర్ఘం ఇస్తేనే మీ మొదటి గణం నిలుస్తోంది.

పినాకిని: పరదేశపు పేరు, ఆ మాత్రం సాగదీయకూడదా?

నిర్వాహకుడు: సాగదీయనక్కరలేదు. నాలుగో గణానికి జరపండి, హ్రస్వంతోనే సరిపోతుంది:

అదరె నాడు కొండ యమకోషి నెల్లెడ
గట్టు తెగిన కొలను గండి పడియె;

మంజీర: గండి పడితే నీళ్లు పోతాయి కదండీ, చేప మునిగేదెలా?

పినాకిని: మూడో పాదం చూడండి, అది నాదే. కొండచరియలు విరిగి అక్కడి ఇమొ నదికి అడ్డం పడ్డాయి. ఎగదన్నిన నీళ్లు ఇళ్లనే ముంచాయి, కొలను ఎంత?