మా ముసలి ల్యాబ్రడార్ కుక్కకి కీళ్ళ నొప్పులు, మనుషుల మాత్ర వెయ్యొచ్చా?

మలక్‌పేట_కుర్రాడు: మా బ్రూనోకి 11 ఏళ్ళు, ఈ చలికి పొద్దున లేవాలంటే మూలుగుతున్నాడు, మెట్ల దగ్గర ఆగి నా మొహం చూస్తాడు పాపం. మామయ్యేమో తన మోకాళ్ళ మాత్ర సగం వేసెయ్‌రా అంటున్నాడు.

టామీ_వాళ్ళక్క: అస్సలొద్దు తమ్ముడూ! బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కలకి కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు పాడైపోతాయి, డోలో కూడా సొంతంగా వెయ్యకు. వెట్ అయితే బ్లడ్ టెస్ట్‌లో కిడ్నీ, లివర్ చూసి బరువుని బట్టి మెలోక్సికామ్ లాంటి నొప్పి మందు రాస్తారు, ఇప్పటికే స్టెరాయిడ్ ఏదైనా వాడుతుంటే ముందే చెప్పు, రెండూ కలిపితే డేంజర్. వాంతులు, నల్లటి విరేచనం కనిపిస్తే మందు ఆపి వెంటనే ఫోన్ చెయ్యి.

పాత_బస్తీ_పెట్స్: బరువెంత? మా జూలీకి సగం రోగం లావే. ఇంకోటి, టైల్స్ మీద కాళ్ళు జారిపోతాయి, పాత యోగా మ్యాట్లు పరిచేశాం, మందమైన పరుపేశాం, ఒకేసారి గంట నడక కాకుండా పది నిమిషాల చొప్పున మూడుసార్లు. కాపడం పెడితే గోరువెచ్చగానే, గుడ్డ చుట్టి.

మలక్‌పేట_కుర్రాడు: 41 కేజీలు 😅 అమ్మ రోజూ పెరుగన్నం గిన్నెడు పెడుతోంది, ఆమెకి చెప్పడమే కష్టం. రేపే వెట్ దగ్గరికి.

టామీ_వాళ్ళక్క: తిండి ఒక్కసారిగా తగ్గించకు, కొలిచి మెల్లగా తగ్గించు.